ప్రతి రాయికీ ఒక అంకె



ఈసారి మన అలంపూర్‌లోని కూడవెల్లి సంగమేశ్వరుడి గుడికి వెళ్లినప్పుడు దండం పెట్టుకున్నాక ఒక్క నిమిషం గోడ పక్కన నిలబడి ఆ రాళ్ల వరుసలు చూడండి. ఆ గుడి ఇప్పుడున్న చోట పుట్టింది కాదు. కృష్ణా, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గర, బాదామి చాళుక్యుల కాలంలో కట్టారు. సుమారు పదమూడు వందల ఏళ్లు సంగమం ఒడ్డునే ఉంది. శ్రీశైలం ఆనకట్ట నీళ్లు వెనక్కి ఎక్కితే గుడి మునిగిపోతుందని తెలిసినప్పుడు పురావస్తు శాఖ వాళ్లు దాని కొలతలు తీశారు, బొమ్మ గీశారు, ఒక్కొక్క రాయికి ఒక అంకె వేశారు. శిఖరం నుంచి కిందికి విప్పుకుంటూ వచ్చి, ఆ రాళ్లన్నీ అలంపూర్ చేర్చి, అదే వరుసలో మళ్లీ పేర్చారు. శిఖరం రాయి శిఖరానికే చేరింది. గడప రాయి గడపగానే కుదిరింది. ఆ అంకె లేకపోయుంటే ఇవాళ మనం చూసేది పెద్ద రాళ్ల కుప్ప.

నేను మిమ్మల్ని అడగడానికి వచ్చింది ఆ అంకె గురించే.

ఆ నీళ్లలోనే వందకు పైగా ఊళ్లు మునిగాయి. గుడి రాళ్లకు అంకెలు పడ్డాయి. ఆ ఊళ్ల రచ్చకట్టలకు, దిగుడుబావులకు, పొలిమేర రాళ్లకు, పొలం గట్ల మీది వీరగల్లులకు ఎవరు అంకె వేశారు? మా అమ్మమ్మ పుట్టిన ఊరు ఆ నీళ్ల కిందనే ఉంది. వాళ్ల ఊరి గవిని దగ్గర గుర్రం మీద కత్తి పట్టుకున్న వీరుడి రాయి ఉండేదని, పెళ్లి ఊరేగింపు దాని ముందు ఆగి కొబ్బరికాయ కొట్టి కదిలేదని, రాయి అడుగున నాలుగు వరుసల అక్షరాలుండేవని ఆమె చివరిదాకా చెబుతూనే ఉంది. ఆ నాలుగు వరుసల్లో ఏముందో ఆమెకు తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు. వీరుడు పశువుల మందను విడిపించబోయి పడ్డాడో, ఊరి ఆడవాళ్ల మానం కాపాడబోయి పడ్డాడో, ఎవరి కొడుకో, ఏ రాజు నాటివాడో, అన్నీ ఆ నాలుగు వరుసల్లోనే ఉండి ఉంటాయి. చదివినవాళ్లు లేరు. రాసుకున్నవాళ్లు లేరు. ఇళ్లు ఖాళీ చేయాల్సిన రోజు వచ్చినప్పుడు వాసాలు, తలుపులు, కుండలు, గొడ్లు, పిల్లలు, ఇవి బండ్లకెత్తుకునే సరికే పొద్దు కుంకింది. రాయి అక్కడే ఉండిపోయింది. ఆ రోజు వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అంతకు ముందు గడిచిన వందల ఏళ్లలో తీరిగ్గా ఒక కాగితం మీద ఆ అక్షరాలు ఎక్కించుకోని తప్పు మాత్రం అందరిదీ.

మన ఊళ్లో ఇంకా రాళ్లున్నాయి. మనకు ఇంకా పొద్దుంది.

ఏమున్నాయో ఒకసారి గుర్తుచేసుకుందాం. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ. తొమ్మిది గుళ్లు, పేర్లు బ్రహ్మవి, లోపల కొలువైంది శివుడు. ఏడో శతాబ్దం, ఎనిమిదో శతాబ్దం నాటివి. తెలుగు నేల మీద ఉత్తరాది పద్ధతి రేఖా శిఖరాలు ఇంత తొలినాళ్లలో, ఇంత చక్కగా, ఇన్ని ఒక్కచోట నిలిచింది మన ఊళ్లోనే. స్వర్గబ్రహ్మ ఆలయాన్ని చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలంలో, అంటే 681కీ 696కీ మధ్య, లోకాదిత్య ఎళ అరసు అనేవాడు రాణి గౌరవార్థం కట్టించాడని అక్కడి శాసనమే చెబుతోంది. పాపనాశిలో ఉండిన గుళ్ల సమూహం కూడా కూడవెల్లి గుడిలాగే నీళ్ల నుంచి తప్పించుకొని మన దగ్గరికి వచ్చింది.

బాలబ్రహ్మ ప్రాంగణంలోని శాసనం గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. అది 713 నాటిది. చాళుక్య రాజు విజయాదిత్యుడి ఆనతి మీద ఈశానాచార్య స్వామి ఈ ఆలయాలకు ప్రాకారం కట్టించిన సంగతి అందులో ఉంది. లిపి ఉత్తరాదిలో వాడిన సిద్ధమాతృక. రాజు గుడి కట్టించాడని చెప్పే శాసనాలు దేశమంతా దొరుకుతాయి. ఉన్న గుళ్లను కాపాడడానికి చుట్టూ గోడ కట్టించినవాడి పేరు రాతి మీద చెక్కి పెట్టుకున్న ఊరు మనది. అంటే పదమూడు వందల ఏళ్ల కిందటే ఈ నేల మీద ఒకాయన, ఇవి చెడిపోకూడదు, వీటికి కాపు ఉండాలి, అనుకున్నాడు. మనం మోయాల్సిన బరువు అప్పటి నుంచి చేతులు మారుతూ వస్తున్నది. జోగుళాంబ అమ్మవారి మూర్తి సంగతి తీసుకోండి. గుడి కూలిపోయాక ఆ మూర్తిని బాలబ్రహ్మ ఆలయంలో దాచి, తరాల తరబడి పూజ తప్పకుండా కాపాడింది ఈ ఊరి జనమే; 2005లో కొత్త గుడి వెలిసి ఆ మూర్తి మళ్లీ అక్కడ నిలబడింది. గుళ్ల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఉర్సుకు వెళ్లేవాళ్లలో, జాతరకు వచ్చేవాళ్లలో అవే ముఖాలు కనిపిస్తాయి. ఆ దర్గా రాళ్లు, పాత కోట గోడ, బురుజు, అన్నీ ఆ బరువులోనివే.

ఇక నా సొంత మచ్చ ఒకటి చెప్పుకోవాలి. చిన్నప్పుడు మా వీధిలో మురుగుకాలవ మీద ఒక పలక ఉండేది. దాని మీద అక్షరాలుండేవి. మేం గోళీలు ఆడుతూ ఆ గుంటల్లో వేలు పెట్టి తిప్పేవాళ్లం. ఆడవాళ్లు దాని మీద బట్టలు ఉతికేవాళ్లు. అరిగి అరిగి అక్షరాలు నున్నబడ్డాయి, అయినా ఎండ ఏటవాలుగా పడితే కనిపించేవి. వీధికి సిమెంటు రోడ్డు వేసిన ఏడాది, కాలవ వెడల్పు చేస్తూ పలకను సమ్మెటతో మూడు ముక్కలు చేశారు. కొట్టినవాడు కూలి మనిషి, చెప్పిన పని చేశాడు. అరుగుల మీద కూర్చొని చూసినవాళ్లం ఇరవై మందికి తక్కువ లేం. నాకు అప్పటికి చదువొచ్చింది, అది శాసనమని తెలుసు. నోరు తెరవలేదు. పెద్దవాళ్లుండగా నేనేం చెప్పేది అనుకున్నాను. పెద్దవాళ్లు, చదువుకున్నవాడే ఊరుకున్నాడు కదా అనుకొని ఉంటారు. రెండు ముక్కలు కంకరలో కలిసిపోయాయి. ఆ సాయంత్రం నుంచి ఇవాళ్టిదాకా ఆ సమ్మెట చప్పుడు నా చెవుల్లో ఉంది. ఇరవై మందిలో ఒక్కరు, ఆగు నాయనా, దీన్ని ఆ గోడకు ఆనించి పెట్టు, అని ఉంటే సరిపోయేది. ఆ మాట అనేవాళ్లు ఇకమీద ప్రతి వీధిలోనూ ఉండాలి.

ఒక్కడు పూనుకుంటే ఏమవుతుందో మన ఊరికి చెప్పనక్కర్లేదు. గడియారం రామకృష్ణ శర్మ గారు పుట్టింది వేరే చోట. చిన్నప్పుడే అలంపూర్ చేరారు. ఈ రాళ్ల మధ్య పెరిగి, ఈ లిపులు నేర్చి, శాసనాలు చదివి, క్షేత్ర చరిత్రను గ్రంథస్థం చేశారు. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేసరికి ఆయన మన మధ్య లేరు. ఆంధ్ర సారస్వత పరిషత్తు 1953లో ఇక్కడ సభలు జరిపింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే. రోడ్డు సరిగ్గా లేని రోజుల్లో, అలంపూర్ ఇంకా రాయచూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, చందాలు పోగేసి, ఇళ్లలో వండిపెట్టి, అంత పని చేసిన ఊరు ఇది. ఆ సభలు జరిగిన చోటును గుర్తించే చిన్న పలకైనా పెట్టుకొని, మన పిల్లలకు చూపించాలి.

పురావస్తు శాఖ ఉంది, వాళ్లు చూసుకుంటారు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. నవబ్రహ్మ ఆలయాల మట్టుకు అది నిజం, వాటికి కంచె ఉంది, కాపలా ఉంది, నీలం బోర్డు ఉంది. జాబితాకు ఎక్కని వాటి సంగతి? వేపచెట్టు కింది నాగశిల, కంది చేను గట్టున ఒరిగిపోయిన వీరగల్లు, పాత బావి మెట్ల పక్కన తాపిన రాయి, గొడ్లచావిట్లో గాటికి ఆనుకున్న నంది, వీటికి ఏ బోర్డూ లేదు. వీటి కాపలాదారులం మనమే. ఇంకెవరూ రారు.

అందుకని నేను అడిగేది ఒక పుస్తకం. మన ఊరి రాళ్ల పుస్తకం. అంకె వేసిన రాయి మళ్లీ దొరుకుతుంది, మళ్లీ నిలబడుతుంది అని కూడవెల్లి గుడి మనకు చూపించింది. ఊళ్లోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ చెక్కిన ప్రతి రాయికీ ఒక అంకె. ఆ అంకెను రాయి మీద వేయొద్దు. పెయింటు చుక్క కూడా తగలకూడదు. అంకె పుస్తకంలోనే ఉంటుంది. అంకె పక్కన ఆ రాయి ఎక్కడుంది, ఎవరి స్థలంలో ఉంది, ఎటు మొహం పెట్టింది, ఎన్ని జానల ఎత్తు, దాని మీద బొమ్మ ఏమిటి, అక్షరాలున్నాయా, ఉంటే ఎన్ని వరుసలు, అన్నీ రాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ ఇంటి అవ్వ దాన్ని ఏమని పిలుస్తుందో రాయాలి. లక్షణ గ్రంథాల్లో దొరకని పేర్లు అవ్వల నోట్లో ఉన్నాయి. ఆ పేర్లు వాళ్లతోనే పోతున్నాయి.

ఫొటో తీసేటప్పుడు నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తీయొద్దు. పొద్దు పొడిచాక గంటలోపు, లేదా పొద్దు కుంకే ముందు, వెలుగు పక్క నుంచి రాసుకుంటూ పడినప్పుడు తీస్తే అరిగిన అక్షరం కూడా నీడ పట్టి లేచి కనిపిస్తుంది. పక్కన ఒక స్కేలు పెట్టండి. అక్షరాలు తెల్లగా కనిపించాలని సుద్దముక్కతో దిద్దొద్దు, పిండి పూయొద్దు. ఇనుప బ్రష్షుతో గీకొద్దు, యాసిడ్ పోయొద్దు. శాసనాల నకలు తీసేవాళ్లు తడిపిన కాగితం రాయికి అతికించి, మెత్తటి బ్రష్షుతో తట్టి, ఆ పైన సిరా అద్దుతారు. అది చేయి తిరిగిన పని, వాళ్లను పిలిపించుకుందాం. మనం చేయాల్సింది వాళ్లు వచ్చేదాకా ఆ రాయి ఉన్నచోట ఉన్నట్టు ఉండేలా చూడడం. రాయిని కదపొద్దు. ఉన్నచోటు కూడా చరిత్రలో భాగమే. వీరగల్లు ఏ పొలిమేరలో నిలబడిందో తెలిస్తేనే ఆ వీరుడు ఏ ఊరి కోసం నిలబడ్డాడో తెలుస్తుంది.

భక్తి ఉన్నవాళ్లకు ఒక మాట, చేతులు జోడించి చెబుతున్నాను. నూనె, పసుపు, సున్నం పొరలు పొరలుగా పేరుకుంటే అక్షరం గుంట పూడిపోతుంది. ఎనామిల్ రంగు వేస్తే రాతికి ఊపిరాడదు, చెమ్మ లోపలే నిలిచి పెచ్చులూడుతుంది. బొట్టు పెట్టండి, దీపం పెట్టండి, అక్షరాలున్న మేరను మాత్రం వదలండి. కొబ్బరికాయకు వేరే రాయి పెట్టుకుందాం.

ఈ పని బడికి ఒక తరగతిగా అప్పగిద్దాం. ఎనిమిదో తరగతి పిల్లలకు వీధుల లెక్కన పంచిపెడితే ఒక్క సెలవుల్లో ఊరు సగం పూర్తవుతుంది. డ్వాక్రా అక్కలు ఇళ్ల లోపలి రాళ్లు చెప్పగలరు, మగవాళ్లకు కనపడని పెరళ్లు వాళ్లకు తెలుసు. నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డున ఏ మిట్టలో ఏ స్తంభం తేలుతుందో పుట్టి వేసే బెస్తన్నలకు తెలిసినంత ఏ పండితుడికీ తెలియదు. తాపీ మేస్త్రీలూ, ట్రాక్టరు, జేసీబీ నడిపే తమ్ముళ్లూ, మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. పునాది తవ్వుతున్నప్పుడు చెక్కిన రాయి మొదట తగిలేది మీ చేతికే. ఆ క్షణంలో బండి ఆపే అధికారం మీకుంది. కలెక్టరూ కాదు, మంత్రీ కాదు, ఆ నిమిషాన ఆ రాయికి దిక్కు మీరు.

నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. 1958 నాటి చట్టం కింద రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. చట్టాల మాట ఎత్తానని భయపెడుతున్నాననుకోవద్దు. గుప్తనిధులంటూ రాత్రిపూట వచ్చి నంది కడుపు పగలగొట్టేవాళ్లు, పానవట్టం పెకిలించేవాళ్లు నల్లమల అంచు నుంచి మన చేల దాకా తిరుగుతున్నారు. వాళ్లకు భయం ఉండాలి. నంది కడుపులో బంగారం ఉండదు. తవ్విన గుంటలో మిగిలేది ముక్కలైన రాయి ఒక్కటే. చీకట్లో పాడుబడ్డ గుడి దగ్గర గడ్డపార చప్పుడు వింటే మన పని కాదని తలుపు వేసుకోకండి, నలుగురిని లేపండి, పోలీసులకు ఫోన్ చేయండి.

రక్షిత కట్టడాలకు వంద మీటర్ల లోపు కొత్త కట్టడం కూడదని, ఆ పైన రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలని 2010లో చట్టం బిగించారు. దానివల్ల గుళ్ల చుట్టూ ఉన్న కుటుంబాలు పడే ఇబ్బంది చిన్నది కాదు. గోడ కూలితే ఎత్తుకోవడానికి కూడా భయపడుతున్నారు. మరమ్మతుకు అనుమతి అడిగే వీలు చట్టంలోనే ఉంది. ఆ దరఖాస్తు రాసిపెట్టడం, వెంట తిరగడం చదువుకున్న పిల్లల బాధ్యత. గుడి వల్ల కష్టం పడే ఇంటికి ఊరంతా అండగా నిలబడాలి. లేకపోతే ఆ ఇంటికి గుడి మీద ప్రేమ ఎలా మిగులుతుంది?

ఇక నది. 2009 అక్టోబరును మనం మర్చిపోలేం. తుంగభద్ర కర్నూలును ముంచింది, మనల్నీ ముంచింది. రక్షణ గోడ ఉందన్న ధీమా ఒక్క రాత్రిలో పోయింది. ఆ నీళ్లు మన గోడల మీద ఎక్కడిదాకా వచ్చాయో చూపే గీత చాలా ఇళ్లలో సున్నం కింద చెరిగిపోతోంది. ఆ ఎత్తును నాలుగు కూడళ్లలో చిన్న రాతి పలకల మీద, తేదీతో సహా చెక్కించి పెట్టాలి. రేపు ఇల్లు కట్టుకునేవాడికి పునాది ఎంత లేపాలో ఆ పలక చెబుతుంది. వాటి పక్కనే ఇంకో పెద్ద పలక కావాలి. శ్రీశైలం నీళ్లలో పోయిన మన ఊళ్ల పేర్లు, ఒక్కటి వదలకుండా, అక్షరక్రమంలో. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇంకా మన మధ్యలో ఉన్నారు. ఏటా ఒకరిద్దరు తగ్గుతున్నారు.

నదికి అవతల సప్తనది సంగమేశ్వరం ఏం చేస్తుందో చూడండి. జలాశయం నిండితే గుడి మునుగుతుంది, వేసవిలో నీళ్లు తగ్గితే తేలుతుంది. తేలిన ప్రతిసారీ జనం వెళ్లి, మోకాలి లోతు బురద ఎత్తిపోసి, వేప మొద్దు లింగాన్ని కడిగి, మళ్లీ దీపం పెడతారు. మళ్లీ మునుగుతుందని తెలుసు. అయినా ఏటా పారలు పట్టుకొని వెళతారు.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న మన పిల్లలు పండగకు వస్తారు, గుడి ముందు ఫొటో దిగుతారు. మంచిదే. ఈసారి వచ్చినప్పుడు మీ ఇంటి పాత ఫొటోల పెట్టె తెరవండి. యాభై ఏళ్ల కిందటి పెళ్లి ఫొటోలో వధూవరుల వెనక ఇప్పుడు లేని మండపం కనిపించవచ్చు. దాని నకలు మన పుస్తకానికి ఇవ్వండి. అంతకంటే పెద్ద విరాళం మాకు అక్కర్లేదు.

2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి. గొందిమళ్ల సంగమానికి జనం వస్తారు, అక్కడి నుంచి అలంపూర్ వస్తారు. ఆ వచ్చేవాళ్ల చేతికి మన రాళ్ల పుస్తకం అచ్చు వేసి ఇవ్వాలి. ఒక ప్రతి గ్రంథాలయంలో, ఒకటి బడిలో, ఒకటి దేవస్థానంలో, ఒకటి దర్గాలో, ఒకటి పురావస్తు శాఖలో ఉండాలి. నీళ్లు ఒకచోటికి వస్తే ఇంకోచోట మిగలాలి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి బాలబ్రహ్మ గుడి ముందు కలుద్దాం. ఒక నోటుపుస్తకం, ఒక టేపు, ఫోను, మంచినీళ్ల సీసా తెచ్చుకోండి. పిల్లలను తీసుకురండి. నడవగలిగిన అవ్వలను తాతలను తప్పకుండా తీసుకురండి, నడవలేనివాళ్ల దగ్గరికి మనమే వెళదాం. అక్కడి నుంచి మొదట మా వీధికి వస్తాం. పగిలిన పలకలో మూడో ముక్క ఇంకా మా ఇంటి గోడకు ఆనించి ఉంది. రోడ్డు వేసిన రాత్రి మా నాన్న లాంతరు పట్టుకొని వెళ్లి, కంకర కుప్పలో వెతికి, భుజాన వేసుకొని తెచ్చాడు. దాని మీద రెండు వరుసలు మిగిలాయి. పుస్తకంలో ఒకటో అంకె దానిది.